మొక్కల స్టాండ్‌కి యాపిల్ పెట్టెలా, పాలెట్టా, నీళ్ల సీసాలా?

సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి పాత సామానుతో మొక్కల స్టాండ్ చేద్దామనుకునే విజయవాడ వాళ్లకి నేను యాపిల్ పెట్టెలే చెప్తాను. చెక్కవి, అట్టవి కాదు. పండ్ల కొట్లో అడిగితే దొరుకుతాయి, బద్దలు పల్చగా ఉంటాయి కాబట్టి ఎనిమిదేళ్ల పిల్లలు కూడా ఉప్పు కాగితంతో రుద్ది రంగు వేసేయగలరు, రెండు పెట్టెల్ని పక్కకి తిప్పి ఒకదాని మీద ఒకటి పెడితే అరలు వచ్చేసినట్టే. పైకి లేచిన మేకులు లాగడం, పెట్టెల్ని స్క్రూలతో బిగించి పడిపోకుండా గోడకి కట్టడం మాత్రం పెద్దవాళ్ల పని. మెత్తటి చెక్క కాబట్టి పెద్ద మట్టి కుండీలు పెట్టకండి, లీటరు నీళ్లే కిలో బరువు, ఇక తడి మట్టి సంగతి చెప్పక్కర్లేదు. పుదీనా, కొత్తిమీర, మనీప్లాంట్ చాలు.

పాలెట్ అంటే సరుకు పేర్చి తరలించడానికి కింద వేసే చెక్క బద్దల చట్రం. అది గట్టిది, పెద్ద కుండీలైనా మోస్తుంది. ఆటోనగర్ వైపు పాత సామాను కొట్లలో అడిగి చూడండి. కానీ దాని మేకులు ఓ పట్టాన రావు, ఊడదీసేది మనం, నిలబడి చూసేది పిల్లలు. అలాంటప్పుడు పిల్లలతో చేశామని ఎలా అంటాం? పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక అయితే సరే. విదేశీ సరుకుతో వచ్చిన పాలెట్ మీద ముద్ర చూడండి, హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. ఎంబీది ఇంటికి తేవద్దు, నూనె మరకలున్నదీ వద్దు.

సీసాలు కోసి తాడుతో వేలాడదీయడం పిల్లలకి భలే సరదా, గంటలో అయిపోతుంది. కానీ రోహిణి కార్తె ఎండకి ఆ గుప్పెడు మట్టి మధ్యాహ్నానికే ఎండిపోతుంది, ప్లాస్టిక్ కూడా రానురాను పెళుసెక్కి విరుగుతుంది. పిల్లలు వేసిన మొక్క వాడిపోతే వాళ్ల మొహాలు చూడలేం.

గుంటూరు వాళ్లకి ఒక మాట. అరల్లో పరవడానికి గోనె సంచులు బాగుంటాయి కానీ మిర్చి గోనెలు మాత్రం వద్దు, దులిపితే ఆ ఘాటు పిల్లల కళ్లలో పడుతుంది. బియ్యం గోనెలు తెచ్చుకోండి.

ఏ చెక్కైనా నేల మీద నేరుగా పెట్టకండి, చెదలు పడతాయి. కింద ఇటుకలు వేసి, పొద్దుటి ఎండ పడే తూర్పు గోడకి ఆనించండి.