కౌలాలంపూర్‌లో గది తీసుకునే ముందు కిటికీ సంగతి అడగండి

కౌలాలంపూర్ నాకు బాగా నచ్చింది. మొదట దిగిన హోటల్ మీద మాత్రం కోపం ఇంకా చల్లారలేదు.

బుకిత్ బింతాంగ్ వెనక వీధిలో చిన్న హోటల్ అది. రాత్రికి 140 రింగిట్‌లు. రింగిట్ 20 రూపాయలనుకుంటే మన డబ్బుల్లో 2,800. యాప్‌లో పెట్టిన ఫొటోల నిండా వెలుతురే. తీరా తలుపు తీస్తే నాలుగు వైపులా గోడలు. ఒక గోడకు పరదా వేలాడుతోంటే అమ్మ వెళ్లి లాగింది. వెనక కూడా గోడే! "ఇందులో తెల్లారినట్టు ఎలా తెలుస్తుందిరా?" అని మంచం మీద కూలబడింది. కిందికెళ్లి అడిగితే, కిటికీ గదికి ఇంకో 40 కట్టమన్నారు. ఇక్కడి చవక హోటళ్లలో కిటికీ లేని గదులు మామూలే. కానీ ఒక గది ఫొటో చూపించి ఇంకో గది అంటగట్టడం మోసం కాక మరేమిటి?

పైగా టూరిజం ట్యాక్స్ గొడవ. విదేశీయుల దగ్గర గదికి, రాత్రికి 10 రింగిట్‌లు వసూలు చేయడం అక్కడి చట్టం. కౌంటర్ దగ్గరి మనిషి తలకు 10 చొప్పున ముగ్గురికీ 30 వేశాడు. మా ఆవిడ ఫోన్‌లో రూల్ తీసి ముందు పెట్టేసరికి నోరెత్తకుండా బిల్లు మార్చాడు. సారీ అన్న పాపాన పోలేదు. మర్నాడు పొద్దున్నే సామాను సర్దేసుకున్నాం.

భారతీయులు ఎక్కువగా ఉండే బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో 160కి దొరికిన గదిలో కిటికీ తీస్తే మోనోరైలు కనిపించేది. అమ్మ ముఖం అప్పుడు విచ్చుకుంది. కింద వీధిలోనే అరిటాకు భోజనం, 14 రింగిట్‌లు. అన్నం, సాంబారు, రసం, మూడు కూరలు, అప్పడం. అడిగినకొద్దీ వడ్డించారు. రసం ఘాటుకు అమ్మ కళ్లలో నీళ్లు తిరిగినా రెండోసారి పోయించుకుంది. పక్క కొట్లో తే తారిక్ తాగి తీరాలి. చిక్కటి పాల టీని ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి చెయ్యెత్తి సాగదీస్తూ పోస్తారు, పైన వేలెడు నురగ.

బతు కేవ్స్‌కు ట్యాక్సీ దండగ. ఊళ్లోని పెద్ద రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్‌లో కొమ్యూటర్ రైలెక్కితే గుహల పక్కనే దింపుతుంది. 42.7 మీటర్ల మురుగన్ (మన సుబ్రహ్మణ్యస్వామి) విగ్రహం, దాని పక్కన రంగురంగుల 272 మెట్లు. ఎనిమిది గంటలకల్లా ఎక్కేయండి, తర్వాత ఎండ మాడ్చేస్తుంది. చేతిలో అరటిపండ్లు ఉంటే కోతులు వదలవు.

పెట్రోనాస్ టవర్ల పైకి టికెట్ కొనలేదు. కింద పార్కులో సాయంత్రం ఫౌంటెన్ల షో ఉచితం, 452 మీటర్ల జంట టవర్ల అందం అక్కడి నుంచే చూడాలి.

ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో చేరుస్తుంది కానీ మనిషికి 55. ముగ్గురుంటే గ్రాబ్ యాప్‌లో పిలిచే కారే నయం, మాకు టోల్‌తో కలిపి 78 అయింది. మలేషియాలో దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డుకు పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే సైట్ల జోలికి వెళ్లకండి.