నికోటిన్ గమ్ (2 మి.గ్రా., మింట్): కిక్కు లేదు, అందుకే నాలుగు స్టార్లు

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు నాది. మా దగ్గర బేరం కుదిరితే ఒక సిగరెట్, చెడితే ఒకటి. అది మానడానికే ఈ గమ్ కొన్నాను. దీనికి ఒక స్టారు ఇచ్చినవాళ్ళంతా రాసేది ఒకటే: "కిక్కు లేదు, డబ్బు దండగ". అయ్యా, కిక్కు ఇస్తే ఇంక సిగరెట్టే కదా!

మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి కూర్చోడానికి రిసెప్టర్లు అనే గూళ్ళు ఉంటాయి. కంపెనీ పార్టు బిగించే చోట డూప్లికేట్ పార్టు పట్టేసినట్టు, పొగాకులోని నికోటిన్ వాటిలో సరిగ్గా కూర్చుంటుంది. కూర్చోగానే డోపమైన్ విడుదలవుతుంది, హాయి పుట్టేది అక్కడే. దమ్ము లాగితే ఇదంతా 10–20 సెకన్లలో అయిపోతుంది. ఆ వేగమే మనల్ని పట్టేసుకుంటుంది. గమ్‌లోని నికోటిన్ చెంప లోపలి పొర గుండా నెమ్మదిగా ఇంకుతుంది, రక్తంలో బాగా పెరగడానికి 20–30 నిమిషాలు పడుతుంది. ఏళ్ళ తరబడి కాల్చినవాడికి ఆ రిసెప్టర్ల సంఖ్య కూడా పెరిగి ఉంటుంది, మానేయగానే చిరాకు, నిద్రలేమి మొదలయ్యేది వాటి వల్లే. గమ్ వాటి నోరు మూయిస్తుంది, అంతవరకే. పొగ పూర్తిగా మానితే కొన్ని వారాలకి అవి మామూలు సంఖ్యకి దిగుతాయి. పొగలో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్ గొడవ గమ్‌లో ఎలాగూ లేదు.

దీన్ని నమిలే పద్ధతి వేరు. మా బామ్మర్ది బబుల్‌గమ్‌లా పరపరా నమిలేసి, ఎక్కిళ్ళు, గుండెల్లో మంట అని గోల పెట్టాడు. ఉమ్మితోపాటు మింగేసిన నికోటిన్‌లో ఎక్కువ భాగాన్ని లివరే విరిచేస్తుంది, మెదడుదాకా వచ్చేది కొంచెమే. మెల్లగా నమలాలి. నాలుకకి మిరియం ఘాటు తగలగానే ఆపి, చెంపకీ చిగురుకీ మధ్య నొక్కిపెట్టాలి. ఘాటు తగ్గాక మళ్ళీ నాలుగు నములు. ఒక బిళ్ళ అరగంట వస్తుంది. కాఫీ, కూల్‌డ్రింకు, బెజవాడ ఎండలకి తప్పని నిమ్మసోడా తాగితే పావుగంట ఆగాలి. నోరు పుల్లగా ఉంటే నికోటిన్ చెంపలోంచి ఇంకదు.

దీని పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. 1960ల్లో స్వీడన్ సబ్‌మెరైన్లలో పొగ తాగే వీల్లేక నావికులు నోట్లో పెట్టుకునే పొగాకుతో సర్దుకునేవారు. అది గమనించిన ఒక మిత్రుడు 1967లో ఓవే ఫెర్నో అనే స్వీడన్ మందుల కంపెనీ పరిశోధకుడికి ఉత్తరం రాస్తే, ఆయన ఈ గమ్ తయారీ మొదలుపెట్టాడు.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, స్ట్రిప్ చించడం నరకం, గ్రీజు చేతులతో అసలు రాదు. మింట్ రుచి రెండు నిమిషాలే, తర్వాత గొంతులో గరగర. పైగా ఒక మందుల షాపువాడు ఏమీ అడక్కుండా 4 మి.గ్రా. డబ్బా చేతిలో పెట్టాడు. అది నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్ళకి, డాక్టరు చీటీ మీద తీసుకోవాల్సింది. గుండె జబ్బున్నవాళ్ళు, గర్భిణులు 2 మి.గ్రా. అయినా డాక్టర్ని అడిగే కొనండి. కట్టుడు పళ్ళుంటే అతుక్కుని చంపుతుంది.

టీ కొట్టు దగ్గర చేయి జేబులోకి పోవడం మాత్రం ఇది ఆపలేదు. దానికి సిగరెట్ ప్యాకెట్ మీదుండే, మానడానికి సాయం చేసే క్విట్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చెయ్యండి, ఉచితమే. మింట్ నచ్చకపోతే పాన్ ఫ్లేవర్ కూడా ఉంది, మా బామ్మర్ది ఇప్పుడు అదే వాడుతున్నాడు.