ఇంట్లో పెద్దవాళ్ళుంటే సరుకులు ఎలా తెచ్చుకోవాలి: పికప్పా, డెలివరీనా, మనమే వెళ్ళడమా?

కోవిడ్ వల్ల 2020 మార్చి 22 నుంచి ఇండియాకి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. మే 7న మనవాళ్ళని వెనక్కి తీసుకెళ్ళడానికి భారత ప్రభుత్వం పెట్టిన వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా తిరిగి వెళ్ళే దారే లేదు. అరవై దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు. చేతిలో ఉన్నదల్లా విజిటర్ ఇన్సూరెన్స్. అలాంటి ఇళ్ళలో పాలు, కూరగాయలు తేవడం కూడా అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయమైపోయింది. మళ్ళీ ఏ మహమ్మారి వచ్చినా ఈ ప్రశ్న తప్పదు కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇంట్లో పెద్దవాళ్ళుండి, కారు ఉంటే కర్బ్‌సైడ్ పికప్పే, అంటే ముందే ఆర్డర్ పెట్టి స్టోర్ బయట కారులోనే సరుకులు తీసుకోవడమే మేలు.

అసలు భయపడాల్సింది దేనికో మొదట మనకి సరిగ్గా తెలియలేదు. ప్లాస్టిక్ మీద, స్టీలు మీద వైరస్ మూడు రోజుల దాకా ఉండగలదని 2020 మార్చిలో ల్యాబ్ పరీక్షల్లో తేలింది. దాంతో అందరం పాల క్యాన్లు సబ్బుతో కడిగాం, బియ్యం బస్తాలు గ్యారేజీలో పెట్టి మూడు రోజులు ముట్టుకోలేదు. వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి తాకితే జబ్బు అంటుకునే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. ప్రమాదంలో ఎక్కువ భాగం నలుగురూ పీల్చే గాలిలోనే ఉంది. బోస్టన్‌లో ఒక కిరాణా స్టోర్‌లో 104 మంది ఉద్యోగులకి పరీక్ష చేస్తే అయిదోవంతు మందికి పాజిటివ్ వచ్చింది. వాళ్ళలో ముప్పాతిక మందికి ఏ లక్షణాలూ లేవు. కస్టమర్లతో నేరుగా పనిచేసేవాళ్ళకి సోకే అవకాశం మిగతావాళ్ళకన్నా అయిదు రెట్లు ఎక్కువ.

పికప్ బలం ఇక్కడే ఉంది. స్టోర్ యాప్‌లో ఆర్డర్ పెట్టి, స్లాట్ (సరుకులు తీసుకునే సమయం) ఎంచుకుని, స్టోర్ పక్కన నంబరున్న పార్కింగ్‌లో ఆగి ఆ నంబరు యాప్‌లో కొడితే సరుకులు తెచ్చి డిక్కీలో పెట్టేస్తారు. అద్దం దించే పని కూడా ఉండదు. ఖర్చూ తక్కువే. వాల్‌మార్ట్‌లో 35 డాలర్ల ఆర్డరుంటే పికప్‌కి విడిగా ఫీజు లేదు. డెలివరీలో అలా కాదు. స్టోర్ల నుంచి సరుకులు కొని ఇంటికి తెచ్చిచ్చే ఇన్‌స్టాకార్ట్‌లో చాలా స్టోర్ల సరుకుల ధరే షెల్ఫ్ ధర కన్నా ఎక్కువ, దాని మీద డెలివరీ ఫీజు, సర్వీస్ ఫీజు, టిప్పు.

పికప్‌తో నిజమైన తలనొప్పి ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడం. కొత్తిమీర అడిగితే పార్స్లీ వస్తుంది. రెండూ ఆకుపచ్చగా కట్టలుగానే ఉంటాయి, తెలియనివాళ్ళని తప్పు పట్టలేం. మామూలు పెరుగు లేకపోతే వెనిలా పెరుగు పెట్టేస్తారు, దాంతో పెరుగన్నం ఎలా తింటారు? ప్రతి వస్తువుకీ సబ్‌స్టిట్యూషన్ వద్దనే వీలుంటుంది. పెరుగు, కొత్తిమీర, పచ్చిమిరపకాయల దగ్గర తప్పకుండా వద్దని పెట్టండి. పెరుగు కన్నా హోల్ మిల్క్ తెప్పించుకుని ఇంట్లో తోడుపెట్టుకోవడం ఇంకా మంచిది. పాలు దొరకని రోజు తక్కువ.

స్లాట్ దొరకడం ఇంకో కష్టం. 2020 ఏప్రిల్‌లో వారం దాకా ఖాళీల్లేని ఊళ్ళున్నాయి. అప్పుడే వాల్‌మార్ట్ ఉదయం 7 నుంచి 8 దాకా పికప్‌ని అరవై దాటినవాళ్ళకీ, ఆరోగ్యం సరిగా లేనివాళ్ళకీ కేటాయించింది. మళ్ళీ అలాంటి గంట పెడితే, ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు మొహమాటపడకుండా వాడుకోవాలి.

డెలివరీ ఎవరికి? కారు లేనివాళ్ళకి, డ్రైవింగ్ రానివాళ్ళకి, క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళకి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే పికప్‌కి కూడా వెళ్ళకూడదు కదా. కానీ మనం తప్పించుకున్న ప్రమాదం ఇంకొకరి మీద పడుతోందని మరిచిపోకూడదు. ఇన్‌స్టాకార్ట్ 2020 మార్చిలో మరో 3 లక్షల మంది షాపర్లని, అంటే మన బదులు స్టోర్‌లో కొని తెచ్చేవాళ్ళని తీసుకుంటామంది. అదే నెల 30న శానిటైజర్లు, ఆర్డరుకి అదనంగా డబ్బు కావాలని షాపర్లు సమ్మె చేశారు. పెద్ద టిప్పు ఆశపెట్టి, సరుకులు దిగాక దాన్ని సున్నా చేసినవాళ్ళూ ఉన్నారు. ఇంతకన్నా అన్యాయం లేదు. డెలివరీ తెప్పించుకునే స్థోమత ఉంటే టిప్పు ఇచ్చే స్థోమత కూడా ఉండాలి.

మనమే వెళ్ళడం సంగతి. వాల్‌మార్ట్ మంగళవారాల్లో స్టోర్ తెరిచే ముందు గంట అరవై దాటినవాళ్ళకి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే, కానీ పెద్దవాళ్ళని లోపలికి పంపడం నాకు మనసొప్పదు. ఇంట్లో పెద్దవాళ్ళు లేని, ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ కుర్రాళ్ళు మాత్రం మాస్కు పెట్టుకుని పొద్దున్నే వెళ్ళి, పికప్ స్లాట్లు అవసరమున్నవాళ్ళకి వదిలేస్తే బాగుంటుంది. పక్కింటి పెద్దవాళ్ళ లిస్టు కూడా పట్టుకెళ్తే మరీ మంచిది.

కందిపప్పు, సోనా మసూరి, కరివేపాకు చాలా వాల్‌మార్ట్ స్టోర్లలో దొరకవు. ఇండియన్ స్టోర్లు కొన్ని ఇంటికో బస్తా అని పరిమితి పెట్టి, ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో ఆర్డర్ తీసుకుని బయటికి తెచ్చిచ్చాయి. వాటికి లిస్టు పంపేటప్పుడు బ్రాండు, బరువు, అది లేకపోతే ఏది ఇవ్వాలో కూడా రాయండి. డబ్బు ముందే ఫోన్‌లో కట్టేయండి, కౌంటర్ దగ్గరికి వెళ్ళే పని తప్పుతుంది.