స్ట్రాస్‌బర్గ్‌లో ఆవిరి ఇంజిన్ల వెంట రెండు రోజులు

మా తాతయ్య బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజిన్ పొయ్యిలో బొగ్గు వేసే పని చేశారు. ఆయన ఇంజిన్ పక్కన నిలబడ్డ ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. అందుకేనేమో, ఎక్కడైనా ఆవిరి ఇంజిన్ నడుస్తోందని తెలిస్తే నాకు కాలు నిలవదు. అక్టోబరు చివర్లో ఒక శుక్రవారం పొద్దున్నే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బయల్దేరి, మావారూ నేనూ పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గ్ వెళ్లాం.

అక్కడి స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్‌కి 1832లో అనుమతి వచ్చింది. పొడవు నాలుగున్నర మైళ్లే. 1950ల చివర్లో మూతపడబోతుంటే రైళ్లంటే ప్రాణమిచ్చే కొందరు కలిసి 1958లో కొనుక్కున్నారు. మరుసటి ఏడాది నుంచి సందర్శకుల రైళ్లు నడుపుతున్నారు. స్ట్రాస్‌బర్గ్ నుంచి పారడైజ్ అనే ఊరి దగ్గర లీమన్ ప్లేస్ దాకా వెళ్లి, అక్కడ ఇంజిన్ రెండో కొసకి మారి వెనక్కి వస్తుంది. మొత్తం ముప్పావు గంట ప్రయాణం.

మొదటి రోజు 90వ నంబరు ఇంజిన్ పనిలో ఉంది. 1924లో బాల్డ్‌విన్ కంపెనీ తయారు చేసింది. పెద్ద చక్రాలు పక్కకి అయిదు. ఒకప్పుడు కొలరాడోలో చక్కెర దుంపలు మోసిన బండి ఇది. టికెట్లలో మామూలు పెట్టె, పక్కలు తెరిచి ఉండే పెట్టె, భోజనాల పెట్టె, ఫస్ట్ క్లాస్ ఉన్నాయి. ఫొటోల కోసమైతే తెరిచిన పెట్టెకే నా ఓటు. అద్దాలు అడ్డురావు, ఇంజిన్ కూత నేరుగా గుండెకి తగులుతుంది. కాకపోతే బొగ్గు నుసి కళ్లలో పడుతుంది, లెన్సు తుడుచుకుంటూ ఉండాలి. పాత పెట్టెల అందం మాత్రం లోపలే ఉంది. నున్నగా మెరిసే చెక్క పనితనం తీయాలంటే జనం ఎక్కక ముందే వెళ్లాలి.

దారిలో గ్రాఫ్స్ గ్రోవ్ అని చెట్ల తోపు ఉంది. అక్కడ దిగిపోయి తర్వాతి రైల్లో వెనక్కి రావచ్చు. శాకాహారులకి ఆ చుట్టుపక్కల హోటళ్లలో పెద్దగా ఏమీ దొరకదు కాబట్టి, పులిహోర, పెరుగన్నం కట్టుకుపోయాం. తింటూ కూర్చుంటే, మమ్మల్ని దించిన రైలు కదులుతూ తెల్లటి ఆవిరి వదిలింది. చలి ఉంటేనే ఆవిరి అలా దట్టంగా కనిపిస్తుంది, ఎండాకాలంలో గాల్లో ఇట్టే కలిసిపోతుంది. అందుకే ఈ నెల ఎంచుకున్నాను.

రాత్రికి రెడ్ కబూస్ మోటెల్‌లో దిగాం. పాత గూడ్సు రైళ్ల గార్డు పెట్టెల్నే గదులుగా మార్చి 1970లో మొదలుపెట్టిన బస ఇది. గది ఇరుకు, పెద్ద సూట్‌కేసులు తేవద్దు. అయినా రైలు కళ్ల ముందు నుంచే పోతుంది, అది చాలు నాకు. ఇంతకు ముందొకసారి హైవే పక్కన ఒక చవక హోటల్లో దిగి, రాత్రంతా లారీల మోతకి నిద్రలేక, తెల్లవారి వెలుగు పోగొట్టుకున్నాను. ఆ తప్పు మళ్లీ చేయను.

శనివారం రైలు ఎక్కనే లేదు. పొలాల మధ్య ఒక రైలు గేటు దగ్గర, పట్టాలకి దూరంగా, సూర్యుడు మా వెనక ఉండేలా నిలబడ్డాం. ఆ రోజు 475 వచ్చింది. 1906 నాటి బండి, ఒకప్పుడు నార్ఫోక్ అండ్ వెస్టర్న్ అనే రైల్వే కంపెనీది. ముందు నాలుగు చిన్న చక్రాలు, తర్వాత ఎనిమిది పెద్ద చక్రాలు. ఈ అమరికతో ఉత్తర అమెరికాలో నడుస్తున్నది ఇదొక్కటే. ఇంజిన్‌ని అక్కడ వెనక్కి తిప్పరు కాబట్టి ఒక దిశలో ముఖం ముందుంటుంది, రెండో దిశలో టెండర్, అంటే బొగ్గు మోసే పెట్టె, ముందుంటుంది. ఏ దిశలో ఏదో మొదటి ట్రిప్పులోనే చూసుకుని చోటు ఎంచుకోండి. నల్లటి ఇంజిన్‌ని చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, అప్పుడు ఆవిరి తెల్లటి మచ్చలా మిగులుతుంది. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి 'రా' (RAW) ఫైల్‌లో తీసుకుంటే, నలుపులోని వివరాలు తర్వాత పైకి తీసుకోవచ్చు. కడ్డీలు కదలడం కనిపించాలంటే షటర్ ముప్ఫయ్యో వంతు సెకనుకి తగ్గించి, రైలుతో పాటు కెమెరా తిప్పాలి. నలభైకి నాలుగు కుదిరాయి, అవి చూసుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చుట్టూ అమిష్ రైతుల పొలాలు. ఆధునిక యంత్రాలకి చాలావరకు దూరంగా బతికే ఒక క్రైస్తవ శాఖ వాళ్లు. కంచరగాడిదలు కట్టి మొక్కజొన్న కోస్తున్నారు. ఒక గుర్రపు బండి గేటు దగ్గర ఆగింది. వెనకే రైలు వస్తోంది, ఫ్రేమ్ అద్భుతంగా కుదిరింది. అయినా కెమెరా దించేశాను. తమ ముఖాలు ఫొటో తీయడం వాళ్ల విశ్వాసానికి విరుద్ధం. బండి వెళ్లిపోయాక, వెనక నుంచి దూరంగా ఒక్కటి తీసుకున్నాను.

స్టేషన్‌కి ఎదురుగానే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ మ్యూజియం ఉంది. దానికి సగం రోజైనా ఉంచుకోవాలి, మేము రెండు గంటలే ఇచ్చాం. 1989 దాకా ఈ పట్టాల మీదే నడిచిన 1223, 7002 ఇంజిన్లు అక్కడ ఉన్నాయి. వెలుతురు తక్కువ, పెద్ద ఎపర్చర్ ఉన్న లెన్సు తీసుకెళ్లండి.

సాయంత్రం ఆఖరి రైలు తర్వాత ఫైర్‌మన్‌ని అడిగి, పార పట్టుకుని ఉండగా ఫొటో తీశాను. కారెక్కగానే అమ్మకి పంపాను. 1910 నాటి 89వ నంబరు ఈ రెండు రోజులూ షెడ్డులోనే ఉండిపోయింది. దానికోసం ఇంకోసారి వెళ్లాలి.