మామిడి తోటా, పాడి ఆవా?

చిత్తూరు పల్లెల్లో రెండెకరాల మెట్ట ఉన్న ఇంట్లో తరచూ వచ్చే మాట ఇది: తోట పెడదామా, ఆవును పట్టుకొద్దామా?

ఇక్కడ మామిడంటే ఎక్కువగా తోతాపురి. తినడానికంటే గుజ్జు ఫ్యాక్టరీకే పోతుంది. కోత రెండు నెలలే. ఫ్యాక్టరీలో పాత గుజ్జు మిగిలి ఉందంటే ధర పడినట్టే. 2025లో చూశాం కదా, కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. గేటు ముందు ట్రాక్టర్లు రాత్రంతా వరుసలో నిలబడితే అడుగున ఉన్న కాయ మెత్తబడిపోతుంది. ట్రాక్టరు బాడుగ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఆవుతో ఆ టెన్షన్ లేదు. పొద్దున్నే పాలకేంద్రంలో వెన్న శాతం చూసి రేటు కడతారు, పది పదిహేను రోజులకు డబ్బులొస్తాయి. చాలా ఇళ్లలో చీటీ కట్టేది, పిల్లల ఫీజు కట్టేది ఈ డబ్బుతోనే. జిల్లా సహకార డెయిరీ 2002లో మూతపడ్డాక పాలు ఎక్కువగా ప్రైవేటు డెయిరీలకే పోతున్నాయి. ఇక చాకిరీ సంగతి చెప్పక్కర్లేదు. చుట్టాల పెళ్లికెళ్లినా సాయంత్రం పాలు పిండే వేళకు ఇంట్లో ఉండాల్సిందే. పొదుగువాపు వస్తే ఆ నెల లెక్క తలకిందులు.

నన్నడిగితే ముందు ఆవే. తోట కాపుకొచ్చేసరికి నాలుగైదేళ్లు పడుతుంది, అందాకా ఇల్లు గడవాలి. బోరులో నీళ్లుంటే లేత చెట్ల మధ్యే నాలుగు సాళ్లు పశుగ్రాసం వేసుకోవచ్చు.