ఎడమ సగం పోయాక రెండేళ్లు: స్కానింగ్ ట్రైనింగ్, ప్రిజం అద్దాలు

రెండేళ్ల క్రితం స్ట్రోక్ వచ్చి మెదడు వెనక కుడి భాగం దెబ్బతింది. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, చూపులో ఎడమ సగం పోయింది. ఎడమ కన్ను పోయిందనుకుని వారం రోజులు దాన్నే నలుపుకున్నాను. ఒక్కో కన్నూ మూసి చూస్తే రెండింటిలోనూ ఎడమ సగమే లేదు. హెమియనోపియా అన్నారు. అక్కడ నల్లగా కూడా ఉండదు, అసలేమీ లేనట్టే ఉంటుంది. పళ్లెంలో ఎడమవైపు వేసిన చట్నీని మళ్లీ వేయమని మా ఆవిడను అడిగేవాణ్ణి.

స్కానింగ్ ట్రైనింగ్ అనగానే మళ్లీ మిషన్‌లో పడుకోబెడతారేమో అనుకున్నాను. కాదు. గోడ మీద అంకెల చీటీలు అతికించి వెతకమంటారు. తల కదపకుండా చూపును ఎడమకు, కావలసినదానికన్నా ఇంకాస్త అవతలికే విసిరి, అక్కణ్ణుంచి వెనక్కి రావాలి. కన్ను మాత్రం చిన్న చిన్న అడుగులేస్తూ వెతుకుతుంది. దాన్ని మాన్పించడమే అసలు పని. రోజూ అరగంట, మొదటి నెలంతా తలనొప్పి, చిరాకు. రెండో నెలలో గుమ్మాలకు భుజం కొట్టుకోవడం తగ్గింది.

రోడ్డు దాటేటప్పుడు మొదటి సగంలో బండ్లు కుడినుంచి వస్తాయి, పరవాలేదు. డివైడర్ దగ్గరే టెన్షన్. ఆగి, ఎడమకు రెండుసార్లు చూపు విసిరాకే కదులుతాను. రాంగ్ రూట్ బైకులకు మాత్రం ఏ థెరపీ లేదు!

చదవడంలో లైను మొదలు దొరికేది కాదు. ‘అసాధ్యం’ కాస్తా ‘సాధ్యం’ అయిపోయేది. పేజీ ఎడమ అంచున ఎర్ర స్కేలు పెట్టుకుని, అది కనపడేదాకా వెనక్కి వెళ్లడం నేర్చుకున్నాను.

ప్రిజం అద్దాలంటే కనపడని వైపు వస్తువులను కనపడే వైపుకు జరిపి చూపించే కళ్లజోడు. ఈ పద్ధతి బోస్టన్‌లో ఎలి పెలి అనే కంటి పరిశోధకుడు రూపొందించింది. ఎడమ అద్దం మీద పైనా కిందా 40 డయాప్టర్ల (ప్రిజం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత) ప్రిజం స్టిక్కర్లు, మధ్యలో ఖాళీ. ఎడమవైపు వస్తువును సుమారు 20 డిగ్రీలు కుడికి జరిపి చూపిస్తాయి. ఒక షాపులో ముందు కుడి అద్దానికి అతికించి ఇచ్చారు, పది రోజులు వృథా. నడకలో పక్కనుంచి వచ్చే మనిషి నీడలా ముందే తెలుస్తాడు, అది లాభం. మెట్లు దిగేటప్పుడు కింది స్టిక్కరు గందరగోళం చేస్తుంది. కొన్ని నెలలకే మసకబారి పచ్చబడింది. ఇప్పుడు బజారుకు వెళ్లేటప్పుడే పెట్టుకుంటున్నాను.

కంప్యూటర్ ముందు చుక్కలు చూస్తే పోయిన చూపు తిరిగొస్తుందని ఒకచోట ఖరీదైన ప్యాకేజీ చెప్పారు. నమ్మకం కుదరక తీసుకోలేదు.

మొన్న ఫీల్డ్ టెస్ట్, అంటే చూపు ఎంత మేర ఉందో కొలిచే పరీక్ష, చేయించాను. కాగితం మీద ఎడమ సగం మొదటి రోజంత నల్లగానే ఉంది. స్కూటర్ మా అబ్బాయికి ఇచ్చేశాను. కూరగాయలకు మాత్రం ఒక్కణ్ణే వెళ్తున్నాను.