నోరున్న వెండి కడియం: బత్తాయి తోటలో కొన్నేళ్లు వాడినాక

చేతికి వెండి కడియం కొనేవాళ్లు తూకం అడుగుతారు, డిజైన్ చూస్తారు, 925 ముద్ర (వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని గుర్తు) ఉందా లేదా అని తిప్పితిప్పి చూస్తారు. కొసల మధ్య నోరు ఎంత ఉందో మాత్రం అడగరు. నా లెక్కలో కడియానికి అన్నిటికంటే ముఖ్యం ఆ నోరే. నాలుగు తులాలది కొన్నేళ్లుగా నా ఎడమ చేతికే ఉంటోంది, ఏ పనిలో ఉన్నా తీసేది లేదు, ఇక గుండ్రంగా మూసి ఉండే కడియం జన్మలో వేసుకోను.

మాది నల్గొండ జిల్లా గుర్రంపోడు దిక్కు, బత్తాయి తోట. గుబురు చెట్లలో కందిరీగల తుట్టె ఎక్కడుందో కళ్లకు ఆనదు. ఒకనాడు ఎండుపుల్లలు కత్తిరిస్తుంటే ఎడమ చేతి మీద గట్టిగా కుట్టాయి, కాసేపట్లోనే చెయ్యి బూరెలా పొంగింది, వేళ్లు ముడుచుకోవడానికి రాలేదు. పక్క చేను మామ ఉరికొచ్చి మందు సంగతి కూడా అడగలేదు, "ముందు కడెం తియ్యి బిడ్డా, కడెం తియ్యి" అన్నాడు. ఆయన కొడుకు అంతకుముందు బండి మీద నుంచి పడి చెయ్యి వాచినప్పుడు స్టీలు కడియం రాలేదు. సబ్బు రాశారు, కొబ్బరినూనె రాశారు, ఆఖరికి వెల్డింగ్ దుకాణంలో కడియానికీ చర్మానికీ మధ్య రేకు దూర్చి, తడిగుడ్డ చుట్టి కోయించారు. కోస్తుంటే కడియం వేడెక్కి వాడు ఏడ్చాడని మామ ఇప్పటికీ చెప్తాడు.

నాది ఒక్క తిప్పుతో వచ్చేసింది. ఎందుకంటే మూసిన కడియం రావాలంటే వాచిన అరచేతిని, బొటనవేలి ఎముకను దాటాలి, నోరున్నదానికి ఆ దారే అక్కర్లేదు. మణికట్టు మీద నుంచి చూస్తే వెడల్పు, పక్క నుంచి చూస్తే సన్నం. ఆ సన్నని అంచు మీదుగా నోటిని తిప్పితే కడియం పక్కకే జారి వస్తుంది. ఇంత చిన్న సంగతి ఆ రోజు ఎంత పెద్దదైందో నాకే తెలుసు.

అందుకే కొనేటప్పుడు నోరు చూసి కొనమంటున్నా. ఎముక గుబ్బకు కాస్త పైన దారం చుట్టి స్కేలు మీద పెట్టండి. కడియం లోపలి చుట్టుకొలత, నోరు, రెండూ కలిపితే దాదాపు ఆ కొలత రావాలి. నోరు ఒక అంగుళం అటూఇటూ ఉంటే మామూలు చేతికి సరిపోతుంది. అంతకంటే పెద్దదైతే బండి మీద పోతుంటే ఎక్కడ జారిందో తెలియదు, మరీ చిన్నదైతే వేసుకున్న ప్రతిసారీ సాగదీయాలి. కొసలు గుండ్రంగా అరగదీసి ఉన్నాయో లేదో వేలితో రాసి చూడండి, లేకపోతే తువ్వాల దారాలన్నీ వాటికే తగులుకుంటాయి. నాదిప్పటికీ ఫుల్ చేతుల చొక్కా గుండీ దగ్గర పట్టుకుంటుంది, ఆ చిరాకు మాత్రం పోలేదు.

ఇక నా కోపం సంగతి. కొన్నచోట సేటు రెండు చేతులతో కడియాన్ని బాగా విప్పి, నా చేతికి పెట్టి, మళ్లీ నొక్కాడు, ఇట్లనే వేసుకోవాలన్నాడు. నేనూ అట్లనే వేసుకున్నా. పెళ్లిళ్లలో బావమరుదులు "ఏదీ, ఇటియ్యి" అని తీసుకుని వాళ్లూ అట్లనే విప్పారు, మూశారు. కొన్నాళ్లకు నోటికి సరిగ్గా ఎదురుగా, లోపలి వైపు, వెంట్రుకంత గీత కనిపించింది. దుకాణానికి తీసుకుపోతే వెండి అంటే అంతేనన్నాడు, తరుగు తీసేసి పాత వెండి లెక్కన తీసుకుంటానన్నాడు. పెట్టిన మజూరీ సంగతి అడిగితే మాట మార్చాడు.

మా ఊరి అవుసలాయన (కంసాలి) దగ్గరికి పోతే అసలు విషయం తెలిసింది. వెండిని ఒకేచోట వంచుతూ ఉంటే అక్కడ గట్టిపడుతుంది, గట్టిపడ్డ చోటే పగులుతుంది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది కానీ పడ్డ పగులు కాల్పుతో మూసుకోదు, అతుకు వెయ్యాల్సిందే. ఆయన వేసిన అతుకు గట్టిగానే ఉంది, ఎండలో పట్టి చూస్తే రంగు కొద్దిగా తేడా కనపడుతుంది. అప్పటి నుంచి నేను విప్పనూ లేదు, నొక్కనూ లేదు. ఒక కొసను మణికట్టు సన్నని అంచుకు ఆనించి, రెండోదాన్ని దొర్లించినట్టు తిప్పుతా. తీసేటప్పుడూ అంతే.

తీసేది లేదని పైన రాశాను గానీ, మోటార్ స్టార్టర్ డబ్బా తెరిచేటప్పుడు తీసి జేబులో వేసుకుంటా, కరెంటు దగ్గర చేతికి లోహం ఉండకూడదు. గంధకం కొట్టే రోజు ఇంట్లోనే పెడతా. బత్తాయి కాయలకు పట్టే మంగు నల్లికి లీటరు నీళ్లకు 3 గ్రాముల చొప్పున నీళ్లలో కలిసే గంధకం కొడతాం కదా, అది కొట్టినప్పుడు కడియం బొగ్గులాగా నల్లబడింది. ఒంట్లో వేడి అని అమ్మ సబ్జా నీళ్లు తాగించింది, దొంగ వెండి అని దోస్తులు టెన్షన్ పెట్టారు. వెండికి గంధకం తగిలితే పైన నల్లటి పొర కడుతుంది, అంతే. గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరిచి, కడియం దానికి తగిలేలా పెట్టి, తినే సోడా వేసి వేడినీళ్లు పోస్తే కోడిగుడ్డు మురిగిన వాసన వచ్చి తెల్లబడుతుంది. నగిషీల్లో కావాలని నలుపు పెట్టిన డిజైన్ అయితే ఇది చెయ్యకండి, ఆ నలుపూ పోతుంది.

నాకు నప్పింది కాబట్టి అందరికీ నప్పుతుందని చెప్పను. నాది చెట్ల మధ్య చేతిపని, ముళ్లు, వాపులు మామూలే. ఆఫీసులో కూర్చునేవాళ్లకు మూసిన కడియంతో నాకొచ్చే భయం ఉండదు, కాకపోతే కంప్యూటర్ ముందు బల్లకు నోరున్నదాని కొసలు టకటకా తగులుతాయని మా తమ్ముడు తీసేశాడు. చెర్వుగట్టు జాతరలో దొరికే రాగిది చవక, చెమటకు చెయ్యి పచ్చబడుతుంది, కడిగితే పోతుంది. స్టీలుది నల్లబడదు కానీ చేత్తో సరిచేసుకోవడం కష్టం, కాబట్టి కొలత మొదటే సరిగ్గా ఉండాలి. మా బావమరిది స్టీలుదే కొంటానంటున్నాడు, దుకాణంలో కనీసం నాలుగైదుసార్లు తిప్పి వేసుకుని, తీసి చూసినాకే డబ్బులివ్వమని చెప్పా.